నాలుగు ఫొటోలు, ఒకే చట్రం: కొలాజ్‌లో దక్కేదేమిటి, పోయేదేమిటి

హైదరాబాద్‌లోని మదీనా, పత్థర్‌గట్టి ప్రాంతాల టోకు చీరల దుకాణాల నుంచి జిల్లాల్లోని చిల్లర వ్యాపారులకు, వారి నుంచి ఇంటి వద్దే అమ్మకాలు సాగించే రీసెల్లర్లకు, అక్కడి నుంచి కొనేవారికి వాట్సాప్‌లో చేరే చిత్రాల్లో నాలుగు గళ్ల కొలాజ్ ఒక స్థిరమైన రూపంగా కుదురుకుంది. ఒక గడిలో చీర బాడీ, ఒక గడిలో అంచు, మూడోదానిలో పల్లూ, నాలుగోదానిలో బ్లౌజ్ పీస్ ఉంటాయి. కింద ధర, ఓ మూల దుకాణం పేరు. ఫ్లాట్ల ప్రకటనల్లో ఇదే రూపం హాలు, వంటగది, పడకగది, బాల్కనీ అవుతుంది. పుట్టినరోజు శుభాకాంక్షల్లో ఒకే మనిషి తొమ్మిది వయసులవుతుంది. వినాయక నవరాత్రుల్లో ఒకే మండపం ఆరు దృశ్యాలవుతుంది. ఫోన్‌లో నిమిషంలో తయారయ్యే పని కాబట్టి దీని గురించి ఆలోచించాల్సిందేమీ లేదని అనిపిస్తుంది. అయితే ఫొటోలను కలిపిన ప్రతిసారీ ఒక బేరం జరుగుతుంది. విడి ఫొటోకు ఉండే వైశాల్యం పోతుంది, అది ఎప్పుడు ఎక్కడ తీసిందో చెప్పే వివరాలూ పోతాయి. వాటికి బదులుగా, పక్కపక్కన పెట్టి ఒకే చూపులో చూసే వీలు దక్కుతుంది. చూసేవారికి ఆ పోలిక నిజంగా కావాల్సిన చోట ఈ బేరం గిట్టుబాటవుతుంది, అక్కర్లేని చోట నష్టమే మిగులుతుంది.

ఒకప్పుడు కొలాజ్‌కు కారణం సామాజిక మాధ్యమాల పరిమితులే. ట్విటర్‌లో ఒక ట్వీటుకు నాలుగు ఫొటోలు జోడించే వీలు 2014 మార్చిలో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2015 ఆగస్టు దాకా చతురస్రాన్ని తప్ప మరో ఆకారాన్ని ఒప్పుకోలేదు; ఒకే పోస్టులో పది వరకు పెట్టే సౌకర్యాన్ని 2017 ఫిబ్రవరిలో గానీ ఇవ్వలేదు. అంతకు రెండేళ్ల ముందే, 2015 మార్చిలో, ఆ సంస్థ ‘లేఅవుట్’ పేరుతో కొలాజ్‌ల కోసమే విడిగా ఒక యాప్ తెచ్చిందంటే అప్పటికి ఆ గిరాకీ ఎంతగా ఉండేదో ఊహించవచ్చు. తర్వాత 2024 ఆగస్టులో ఆ పది ఇరవై అయింది. వాట్సాప్‌లో 2023 నుంచి ఒకేసారి వంద వరకు పంపవచ్చు. ఇన్ని తలుపులు తెరుచుకున్నా కొలాజ్ మాత్రం తగ్గలేదు.

తగ్గకపోవడానికి అసలు కారణం ఫార్వర్డ్ చేసే అలవాటు. విడిగా పంపిన నాలుగు ఫొటోలను అందుకున్నవారు అందులో రెండింటినే ముందుకు పంపవచ్చు, ధర రాసిన సందేశం వెనకే ఉండిపోవచ్చు, రెండు చీరల పల్లూలు ఒకదానికొకటి మారిపోవచ్చు. కొలాజ్‌కు ఆ ప్రమాదం లేదు. అది ఎంత దూరం వెళ్లినా మొత్తంగానే వెళ్తుంది, ధర దానికి అంటుకునే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పక్కకు జరుపుతూ చూసే పోస్టు ఆ యాప్ లోపల బాగానే ఉంటుంది గానీ, అక్కడి నుంచి కుటుంబ గ్రూపులోకి రావాలంటే చివరికి స్క్రీన్‌షాట్ రూపంలోనే వస్తుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడాను గుర్తించాలి. ఒకే చీరలోని నాలుగు భాగాలను చూపే కొలాజ్ వేరు, నాలుగు వేర్వేరు చీరలను చూపే కొలాజ్ వేరు. మొదటిదానిలో గళ్లన్నీ కలిసి ఒకే ప్రశ్నకు జవాబు చెబుతాయి: ఈ బాడీకి ఈ అంచు, ఈ పల్లూ నప్పాయా? రెండోదానిలో ఒక్కో గడి ఒక్కో ప్రశ్న. చూసినవారు ‘మూడోది ఉందా అన్నా?’ అని అడుగుతారు, ఆ మూడో లెక్క అడ్డంగానా నిలువుగానా అన్నది దుకాణం వారికి అర్థం కాదు, మళ్లీ ఒక సందేశం, మళ్లీ ఒక జవాబు. అందుకే అనుభవమున్న వ్యాపారులు ప్రతి గడి మూలలో అంకె వేస్తారు. అది లేని చోట కొనేవారే ఫోన్‌లో ఆ గడి చుట్టూ వేలితో ఎర్ర సున్నా చుట్టి తిరిగి పంపుతారు. ఎంపిక కోసం చూపే వస్తువులను అంకెలు లేకుండా కలపడం కంటే విడిగా పంపడమే మేలు, ఎందుకంటే విడి ఫొటోకు దాని మీదే జవాబివ్వవచ్చు.

వైశాల్యం ఎంత పోతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మామూలు ఫోన్‌లో 1.2 కోట్ల పిక్సెళ్ల ఫొటో అడ్డం 4000, నిలువు 3000 పిక్సెళ్లు ఉంటుంది. అలాంటివి నాలుగింటిని రెండు వరుసల్లో పేరిస్తే 8000, 6000 కొలతల చిత్రం తయారవుతుంది. దాన్ని వాట్సాప్‌లో మామూలు నాణ్యతతో పంపితే పొడవైన వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంటే ఒక్కో ఫొటోకు దక్కేది 800, 600, మొత్తం 4.8 లక్షల పిక్సెళ్లు. అసలు ఫొటోలో ఇది 25వ వంతు. అదే ఫొటో విడిగా వెళ్లి ఉంటే 1600, 1200 కొలతలతో, అంటే దీనికి నాలుగు రెట్ల వివరంతో చేరేది. తొమ్మిది గళ్ల కొలాజ్‌లో అయితే ఒక్కోదానికి మిగిలేది రెండు లక్షల పైచిలుకు, అసలులో దాదాపు 56వ వంతు. హెచ్‌డీ నాణ్యతతో పంపే వీలు 2023 ఆగస్టులో వచ్చింది గానీ, ఆ గుర్తును నొక్కే ఓపిక ఎందరికి ఉంటుందన్నది వేరే సంగతి.

తెర సంగతి పిక్సెళ్ల కంటే మొండిది. ఆరున్నర అంగుళాల ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. మూడు నిలువు వరుసల కొలాజ్‌లో ఒక్కో గడికి రెండు సెంటీమీటర్ల పైన కొద్దిగా మిగులుతుంది. ఫొటో స్టూడియోలో ఇచ్చే పాస్‌పోర్టు సైజు ఫొటో వెడల్పే మూడున్నర సెంటీమీటర్లు. పెళ్లి విందులో నలభై మంది నిలబడిన గ్రూపు ఫొటోను ఆ రెండు సెంటీమీటర్లలో ఇరికిస్తే ఎవరు ఎవరో చెప్పడం ఆ ఇంటివారికే కష్టం. వేళ్లతో పెద్దది చేసి చూడవచ్చు నిజమే, కానీ కుదింపులో పోయిన వివరం పెద్దది చేసినంత మాత్రాన తిరిగి రాదు.

ఆకారాల పొందిక దగ్గర ఒక చిన్న లెక్క చాలా శ్రమను తప్పిస్తుంది. ఒకే నిష్పత్తి ఉన్న ఫొటోలను అడ్డంగా ఎన్ని పెడితే నిలువుగా అన్నే పెట్టినప్పుడు మొత్తం చిత్రానికీ అదే నిష్పత్తి వస్తుంది. ఏ ఫొటో అంచునూ కోయాల్సిన పని ఉండదు. నిలువు ఫొటోలు మూడింటిని పక్కపక్కన పేరిస్తే మాత్రం 9:4 నిష్పత్తిలో ఒక పొడవాటి పట్టీ వస్తుంది, అది ఫోన్‌లో తెర మధ్యన సన్నగా వేలాడుతుంది. అడ్డం ఫొటోలు రెండింటిని ఒకదాని కింద ఒకటి పెడితే 2:3 వస్తుంది, నిలువుగా పట్టుకునే ఫోన్‌కు ఇది చక్కగా సరిపోతుంది. యాప్‌లు ముందుగా చూపే నమూనాల్లో చతురస్రపు గళ్లే ఎక్కువ. వాటిలో ఫొటో పడగానే మధ్య భాగాన్ని ఉంచి అంచులను అవే కోసేస్తాయి. ఖైరతాబాద్ గణేశుడి విగ్రహం 2024లో 70 అడుగుల ఎత్తు. దాన్ని చతురస్రంలో పెడితే కిరీటమో, పాదాల దగ్గరి పీఠమో, రెండూనో పోక తప్పదు, ఎత్తే ప్రధానమైన విగ్రహానికి ఎత్తే లేకుండా పోతుంది. అటువంటి చోట ఎడమ పక్కన పూర్తి నిలువునా ఒక పొడవైన గడి, కుడి పక్కన చిన్నవి రెండో మూడో ఉండే అమరిక తగినది.

గడి పరిమాణం ప్రాధాన్యాన్ని చెబుతుందన్న సూత్రాన్ని నగరంలోని ఫ్లెక్సీ డిజైనర్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పెద్ద నాయకుడు పైన, జిల్లా నాయకులు ఒక మెట్టు కింద, కార్యకర్తలు అడుగున గుండ్రని చిన్న ఫొటోల వరుసగా. ఎవరి తల ఎంత ఉండాలన్నది డిజైనింగ్ సెంటర్లో కూర్చుని తేల్చుకునే విషయం. శుభాకాంక్షలు అందుకునేవారి కంటే తెలిపేవారి ఫొటోనే పెద్దదిగా ఉండే సందర్భాలూ లేకపోలేదు. సాధారణ కొలాజ్‌లలో మాత్రం ఈ తెలివిడి కనిపించదు, గళ్లన్నీ సమానంగా ఉంటాయి, కంటికి ముందు దేన్ని చూడాలో తెలియదు.

రంగుల సమస్య చీరల కొలాజ్‌లో అన్నిటికంటే ఎక్కువగా బయటపడుతుంది. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకూ తెలుపు ఏది అన్నది విడిగా అంచనా వేసుకుంటుంది. చట్రమంతా ఎర్రటి పల్లూ నిండినప్పుడు ఆ ఎరుపును వెలుతురు రంగుగా పొరబడి ఎదురు వైపుకు, అంటే నీలి ఆకుపచ్చ వైపుకు సర్దుతుంది. పచ్చటి బాడీని తీసినప్పుడు మరో వైపుకు సర్దుతుంది. ఫలితంగా ఒకే చీర అంచు ఒక గడిలో మెరూన్‌గా, పక్క గడిలో ఇటుక రంగులో కనిపిస్తుంది. విడిగా పంపిన ఫొటోల్లో ఎవరూ గమనించని ఈ తేడా పక్కపక్కన పెట్టగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కొనేవారికి అవి రెండు చీరలేమోనన్న అనుమానం వస్తుంది. దుకాణంలోని ట్యూబ్‌లైటు కింద రెండు, గుమ్మం దగ్గర ఎండలో రెండు తీసి కలిపితే ఇక చెప్పనక్కర్లేదు. నాలుగూ ఒకే చోట, ఒకే వెలుతురులో, రంగు సర్దుబాటును ఒకచోట నిలిపి తీయడం దీనికి విరుగుడు. తర్వాత యాప్‌లో దిద్దే ప్రయత్నం సాధారణంగా పరిస్థితిని మరింత చెడగొడుతుంది.

కెమెరా తప్పు చేయకపోయినా కన్ను చేస్తుంది. ప్యారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో రంగుల అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ ఎజెన్ షెవ్రల్‌కు నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో దోషం లేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయి. పక్కనున్న రంగును బట్టి రంగు మారినట్టు కనిపించే ఈ ధర్మాన్ని ఆయన 1839లో వివరంగా ప్రచురించారు. కొలాజ్ చేసే పని సరిగ్గా అదే, సంబంధం లేని రంగులను పక్కపక్కన చేర్చడం. గళ్ల మధ్య సన్నటి తెల్ల గీతకు బదులు కాస్త వెడల్పైన లేత బూడిద రంగు పట్టీ ఉంచితే ఈ ప్రభావం తగ్గుతుంది. ముదురు గులాబీ రంగు నేపథ్యం, చుట్టూ పూల చట్రం ఉన్న నమూనాలు పండుగ శుభాకాంక్షలకు పనికొస్తాయేమో గానీ, రంగు చూసి డబ్బు చెల్లించేవారికి పనికిరావు.

పోచంపల్లి ఇక్కత్ లాంటి నేతలో మరో చిక్కు ఉంది. దగ్గర దగ్గరగా ఉండే సన్నటి గీతలనూ గళ్లనూ బాగా కుదించినప్పుడు వాటి స్థానంలో బట్టలో లేని అలల్లాంటి చారలు పుట్టుకొస్తాయి. దానికి తోడు, ఫొటో ఫైళ్లను కుదించడానికి 1992 నుంచి ప్రమాణంగా ఉన్న జేపెగ్ పద్ధతి చిత్రాన్ని అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి ఒక్కోదానిలో సూక్ష్మమైన వివరాన్ని వదిలేస్తుంది. వెలుగునీడల కంటే రంగుల వివరాన్ని మరింత ఉదారంగా వదిలేస్తుంది, చాలా ఫైళ్లలో రంగు సమాచారం అడ్డంగా, నిలువుగా సగానికి సగం తగ్గిపోతుంది. మనిషి కన్ను రంగు అంచులను అంత సూక్ష్మంగా చూడలేదన్న లెక్క మీద చేసిన ఏర్పాటిది. ముఖాలకు, చెట్లకు ఇది సరిపోతుంది. పచ్చటి బట్ట మీద ఎర్రటి సన్నంచుకు సరిపోదు. చేనేతకారుడు పంపిన ఫొటోను టోకు వ్యాపారి కొలాజ్ చేసి, చిల్లర వ్యాపారి దానికి తన పేరు పట్టీ అతికించి, రీసెల్లర్ ఆ పట్టీ కనబడకుండా అంచు కోసి మళ్లీ పంపితే, ప్రతి మజిలీలో కొలతలు మారుతాయి, ఆ ఎనిమిదేసి పిక్సెళ్ల చదరాలు కొత్త చోట పడతాయి, ప్రతిసారీ కొత్త నష్టం చేరుతుంది. కొలత మార్చకుండా అదే నాణ్యతతో మళ్లీ దాచుకోవడంలో అంత నష్టం లేదు. కుదించి, కోసి, మళ్లీ దాచడంలోనే ఉంది.

నిజానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గద్దె మీద కూర్చున్న సేల్స్‌మన్ ఈ సమస్యను కెమెరా రాకముందే పరిష్కరించాడు. బాడీ పరిచి, దాని మీద పల్లూను ఏటవాలుగా వేసి, అంచు రెండు వైపులా కనబడేలా మడిచి, బ్లౌజ్ పీస్ కొసను పక్కకు లాగి చూపిస్తాడు. ఆ అమరికను పైనుంచి ఒక్క ఫొటో తీస్తే నాలుగు భాగాలూ ఒకే వెలుతురులో, ఒకే కొలతలో, పూర్తి పిక్సెళ్లతో వస్తాయి. కలపాల్సిన పని ఫొటోల దగ్గర కాక వస్తువు దగ్గరే పూర్తయిపోతే కొలాజ్ అవసరమే పడదు.

నమ్మకం విషయానికొస్తే, ఫొటోలను కలపడమన్నది కంప్యూటర్‌తో వచ్చిన పని కాదు. ఆస్కార్ రేజ్లాండర్ 30కి పైగా నెగెటివ్‌లను కలిపి చేసిన ఒకే చిత్రాన్ని 1857లో మాంచెస్టర్‌లో ప్రదర్శించాడు, అలా అతికించింది ఫొటోగ్రఫీయేనా అన్న వాదం అప్పుడే మొదలైంది. గళ్లు స్పష్టంగా కనబడే కొలాజ్ అంతటి మాయ చేయదు, ఇవి వేర్వేరు ఫొటోలని అదే చెబుతుంది. దాని మాయ ఇంకోచోట ఉంది. పక్కపక్కన పెట్టిన రెండు చిత్రాలను మనసు ‘అప్పుడు, ఇప్పుడు’ అనో, ‘దీనివల్ల అది’ అనో చదువుకుంటుంది, ఆ మాట ఎక్కడా రాసి ఉండకపోయినా సరే.

హైదరాబాద్ చెరువుల జంట చిత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. చెరువులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ అయిన హైడ్రా 2024 జూలైలో ఏర్పడిన తర్వాత చెరువుల ఆక్రమణల మీద చర్చ పెరిగింది, దానితోపాటే పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన చేర్చిన పోస్టులూ విరివిగా తిరిగాయి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలను చూసే సౌకర్యం ఉంది కాబట్టి ఇవి ఎవరైనా చేయగలిగినవే. అయితే ఎడమ చిత్రం వానలు కురిసిన అక్టోబరుది, కుడి చిత్రం మే నెలది అయితే నీరు తగ్గడానికి ఆక్రమణ అక్కర్లేదు, ఎండాకాలం చాలు. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు పైనుంచి పచ్చని నేలలా కనిపిస్తుంది. పూడ్చేశారన్న వ్యాఖ్యకు ఆ ఒక్క రంగే ఆధారమైపోవచ్చు. రెండు చిత్రాలను పైనుంచి చూసిన ఎత్తు, అంటే స్కేలు, వేరైతే చెరువు చిన్నదైనట్టే అనిపిస్తుంది. నిజమైన ఆక్రమణను చూపాలనుకునేవారికి కూడా ఈ జాగ్రత్తలే బలం: ఒకే నెల, ఒకే స్కేలు, ఉత్తరం ఒకే వైపు, రెండు చిత్రాల్లోనూ కదలని గుర్తుగా ఒక రోడ్డో గుడో, ప్రతి గడి మీద తేదీ. పూర్తి నీటిమట్టం గీత, వాడుకలో ఎఫ్‌టీఎల్, రెండింటి మీదా ఒకేలా గీస్తే పోలిక కంటికి కాక గీతకు కట్టుబడుతుంది.

తేదీని చిత్రం మీదే రాయాల్సి రావడానికి సాంకేతిక కారణం ఉంది. కెమెరా ప్రతి ఫొటో ఫైలులో తీసిన సమయం, ఫోన్ పేరు, అనుమతిస్తే స్థలం వివరాలను కూడా దాస్తుంది. కొలాజ్ అన్నది కొత్త ఫైలు. దానికి ఉండే సమయం కొలాజ్ చేసిన సమయమే. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు ఆ మిగిలిన వివరాలూ తొలగిపోతాయి. ఒక వదంతి చిత్రం నిజమో కాదో తేల్చాలనుకునేవారు గూగుల్ లెన్స్‌లో మొత్తం కొలాజ్‌ను వేస్తే తరచుగా అదే కొలాజ్ తిరిగిన పోస్టులే దొరుకుతాయి, లేదా ఏమీ దొరకదు. ఒక్కో గడిని విడిగా కోసి వెతికినప్పుడే అసలు ఫొటో ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో బయటపడే అవకాశం ఉంటుంది. నాలుగు గళ్లలో మూడు నిజమైనవి, ఒకటి వేరే రాష్ట్రానిది అయినప్పుడు ఆ మూడు నాలుగోదానికి సాక్ష్యం పలుకుతాయి. అందుకే వార్తా సంఘటనల ఫొటోలను, ముఖ్యంగా ప్రమాదాలవీ గొడవలవీ, కలపకుండా విడిగానే ఉంచడం న్యాయం.

అక్షరాలున్న పత్రాలను కలపడం వేరే రకం పని, ఇక్కడ అందం లెక్క కాదు. ఆధార్ కార్డు ముందు వెనుకలు ఒకే ఫైలులో కావాలని దరఖాస్తులో అడిగినప్పుడు జిరాక్స్ సెంటర్లు చాలాచోట్ల రెండింటినీ పక్కపక్కన పెడతాయి. ఒకదాని కింద ఒకటి పెట్టడం మెరుగు. కార్డు కొలత 85.6, 54 మిల్లీమీటర్లు కాబట్టి నిలువుగా పేరిస్తే దాదాపు 4:5 నిష్పత్తి వస్తుంది, ఫోన్‌లోనూ కాగితం మీదా వెడల్పు వృథా కాదు. వంద కేబీ లోపు ఉండాలన్న నిబంధన ఉంటే రంగు తీసేసి నలుపు తెలుపుగా మార్చడం, చుట్టూ ఉన్న టేబులు భాగాన్ని కోసేయడం ముందు చేయాలి; నాణ్యత తగ్గించడం చివరి మార్గం. తెలుగు అక్షరాలకు కుదింపు మరీ ప్రమాదం. థకూ ధకూ తేడా లోపలి చుక్క ఒక్కటే, వత్తులు వరుస కింద సగం ఎత్తులో ఉంటాయి. ఇంగ్లిష్ పేరు చదవగలిగే పరిమాణంలోనే తెలుగు పేరు అలుక్కుపోతుంది. మొదటి ఎనిమిది అంకెలు దాచి చివరి నాలుగే చూపే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట, రెండు వైపులా పూర్తి నంబరు ఉన్న చిత్రాన్ని గ్రూపుల్లో తిప్పాల్సిన పని లేదు.

ఒకే దృశ్యాన్ని భాగాలుగా తీసి అతుకు తెలియకుండా కలిపే పనోరమాకు నియమాలు వేరు; ట్యాంక్‌బండ్ మీద నుంచి హుస్సేన్‌సాగర్‌ను అలా తీసేటప్పుడు ఫొటోకూ ఫొటోకూ దాదాపు మూడో వంతు దృశ్యం ఉమ్మడిగా ఉండాలి, తీసే మనిషి నడవకుండా ఉన్నచోటే తిరగాలి. చార్మినార్ దగ్గర అది కుదరదు, ఆటోలు ఆగవు కాబట్టి ఒకే ఆటో రెండు ముక్కలుగా వస్తుంది.

పనిముట్ల విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. చాలా ఫోన్ల గ్యాలరీల్లో, గూగుల్ ఫొటోస్‌లో, కాన్వాలో ఈ సౌకర్యం ఉంది. రోజుకు వందల చీరల ఫొటోలు పెట్టేవారికి ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రాం ఇమేజ్‌మ్యాజిక్‌లోని మాంటేజ్ ఆజ్ఞ ఒక ఫోల్డరు మొత్తాన్ని ఒకే పద్ధతిలో పేర్చి ఇస్తుంది. ఏది వాడినా కెమెరాలోని అసలు ఫొటోలతో మొదలుపెట్టాలి, వాట్సాప్‌లో వచ్చినవాటితో కాదు. తయారైన చిత్రాన్ని స్క్రీన్‌షాట్ తీయకుండా ఫైలుగానే దాచాలి, అసలు ఫొటోలను తుడిచేయకూడదు.

చూపు లేనివారు ఫోన్‌ను వినికిడి ద్వారా వాడతారు. ఎక్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రతి చిత్రానికీ వర్ణన రాసే చోటు ఉంది, టాక్‌బ్యాక్ లాంటి సౌకర్యాలు దాన్ని చదివి వినిపిస్తాయి. విడి ఫొటోలకు నాలుగు వర్ణనలు పెట్టే వీలుంటే కొలాజ్‌కు ఒక్కటే ఉంటుంది. అందులో గళ్లను ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి వరుసగా, గడికో వాక్యం చొప్పున రాస్తే చాలు. చిత్రం మీద ముద్రించిన ధరను కూడా ఆ వర్ణనలో మళ్లీ రాయాలి. లేకపోతే చీర ఎలా ఉందో తెలిసినా అది ఎంతకు వస్తుందో తెలియదు.